రెండో బ్యాటరీ కూడా పడుకున్నాక మీటరు కొన్నాను

డిసెంబరు ఆఖరి వారం. బడి వదిలాక బండి తాళం తిప్పితే దీపాలు వెలిగాయి. సెల్ఫ్ నొక్కితే మాత్రం సీటు కింద రిలే (సెల్ఫ్ మోటారుకి కరెంటు పంపే స్విచ్) టిక్ టిక్ మని కొట్టుకోవడం తప్ప ఇంజిన్‌లో కదలిక లేదు. నాది కిక్ రాడ్ లేని 150 సీసీ బండి, 2018లో కొన్నది. ఇద్దరు పదో తరగతి పిల్లలు వెనక నుంచి తోస్తే సెకండ్ గేరులో క్లచ్ వదిలి స్టార్ట్ చేసుకున్నాను. కళింగపట్నం వైపు నుంచి శ్రీకాకుళం వరకు పాతిక కిలోమీటర్లు ఎక్కడా ఆపలేదు. ఆపితే మళ్లీ తోసేవాళ్లు ఎవరు?

అప్పటికి ఆ బ్యాటరీ వయసు రెండున్నర నెలలు.

అక్టోబరులో ఇలాగే అయినప్పుడు ఒక షాపుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు హారన్ ఒకసారి నొక్కి చూసి, "బ్యాటరీ పోయింది సార్, కొత్తది వేసీమంటారా?" అన్నాడు. 1,350 రూపాయలు ఇచ్చి, పాతది ఎక్స్చేంజిలో వదిలేసి వచ్చాను. మీటరు పెట్టి చూడమని అడగాలని నాకు తోచలేదు. ఇప్పుడు ఆ బ్యాటరీ కంపెనీ డీలరు దగ్గరికి వారంటీ కార్డు పట్టుకుని వెళ్తే, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, పొద్దున్న చూసి, "బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది, మీ బండిలోనే ఏదో ఉంది" అన్నారు. ఆ మాట నిజమే. కానీ బండిలో ఏముందో చెప్పేవాళ్లు దొరకలేదు. మొదటి షాపులో మాత్రం ఈసారి "ఆర్ఆర్ యూనిట్ పోయుంటాది, 1,600 అవుతాది" అన్నారు. అదీ చూడకుండానే. ఆర్ఆర్ అంటే రెగ్యులేటర్ రెక్టిఫయర్, ఇంజిన్ దగ్గర పుట్టే కరెంటుని బ్యాటరీకి సరిపడేలా మార్చి పంపే పెట్టె.

మా వీధి చివర ఆటోలకు వైరింగ్ చేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయనకి చెప్పుకుంటే పని ఆపకుండానే ఇలా అన్నారు: "మాస్టారూ, బ్యాటరీ కుండలాటిది. కుండలో నీళ్లు ఉండట్లేదంటే కుండకి చిల్లైనా పడాలి, రాత్రిపూట ఎవరైనా తోడీసుకోవాలి, లేదంటే కొళాయే సరిగ్గా రాకూడదు. ఏదో సూడకుండా కుండలు మార్చుకుంటా పోతే ఏటి లాభం?"

ఆ మూడు ప్రశ్నలే పట్టుకున్నాను. సంక్రాంతి సెలవులు ఎలాగూ ఉన్నాయి. 350 రూపాయలు పెట్టి మామూలు డిజిటల్ మల్టీమీటరు కొన్నాను.

ముందు కుండకి చిల్లు ఉందా అన్నది. మీటరుని డీసీ 20 దగ్గర పెట్టి, ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. నిండా ఛార్జయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ కొన్ని గంటలు ఊరికే ఉన్నాక 12.6 నుంచి 12.8 మధ్య చూపాలి. 12.4కి వచ్చిందంటే పావు వంతు ఖాళీ అయినట్టు. 12 దగ్గరికి వస్తే దాదాపు ఏమీ లేనట్టే. నాది 12.7 చూపింది. కానీ ఊరికే ఉన్నప్పటి అంకెని ఒక్కదాన్నే నమ్మకూడదు. లోపల పాడైన బ్యాటరీ కూడా బరువు పడనంతసేపు 12.6 చూపిస్తుంది. అందుకే మా అబ్బాయిని మీటరు చూడమని నేను సెల్ఫ్ నొక్కాను. "పది పాయింట్ ఐదు" అని అరిచాడు. సెల్ఫ్ తిరిగేటప్పుడు పది వోల్టుల పైన నిలబడిందంటే బ్యాటరీకి ఓపిక ఉన్నట్టే. తొమ్మిది కిందకి జారితే అది పోయినట్టు. చిల్లు లేదు.

రెండోది, రాత్రి తోడేసేవాళ్లు. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ వైరుకీ మైనస్ టెర్మినల్‌కీ మధ్య మీటరుని ఆంపియర్ల మీద పెట్టాలి. ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు. మీటరు ఇలా ఉన్నప్పుడు తాళం తిప్పకూడదు, సెల్ఫ్ అసలే నొక్కకూడదు, మీటరు మాడిపోతుంది. పని అయ్యాక ఎర్ర తీగని ఆంపియర్ల రంధ్రంలోంచి తీసి వోల్టుల రంధ్రంలో పెట్టేయాలి. మరచిపోయి అలాగే బ్యాటరీ రెండు కొసలకీ తగిలిస్తే నేరుగా షార్టే. నా బండిలో 1 మిల్లీ ఆంపియరు చూపింది. గడియారానికి ఆ మాత్రం కావాలి. అలారం లాంటివి బిగించుకున్న బండ్లలో ఇక్కడే దొంగ దొరుకుతాడట. నాకు దొరకలేదు.

ఇక కొళాయి. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్యాటరీ దగ్గరే మీటరు పెట్టి మెల్లగా రేజ్ చేశాను. ఛార్జింగ్ బాగున్న బండిలో ఆ అంకె 13.8 నుంచి 14.5 దాకా లేవాలి. నాది 12.5 దగ్గర ఆగిపోయింది, ఎంత రేజ్ చేసినా అంతే. 2017 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లకి హెడ్‌లైట్ ఆపే స్విచ్ లేదు, ఇంజిన్ తిరుగుతుంటే వెలగాల్సిందే. అంటే పగలూ రాత్రీ ఆ 35 వాట్లు పోతూనే ఉంటాయి, బ్యాటరీకి చేరేది మాత్రం అరాకొరా. రోజుకి యాభై కిలోమీటర్లు తిరిగినా అది అర్ధాకలితోనే ఉంది. అలా సగం ఖాళీగా ఉంచేస్తే లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పూర్తిగా రాదు. పాత బ్యాటరీ కూడా ఇలాగే పోయిందేమోనని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ వైరు పీకి, "ఆగలేదు కాబట్టి ఛార్జింగ్ ఉంది" అని తేల్చే పద్ధతి చాలా చోట్ల చూశాను. దయచేసి చేయనివ్వకండి. బ్యాటరీ లేనప్పుడు వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి రెగ్యులేటర్, సీడీఐ (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పెట్టె) పోయే ప్రమాదముంది.

ఇక కరెంటు పుట్టే చోటు చూడాలి. ఇంజిన్ లోపలి మాగ్నెట్ కాయిల్ నుంచి మూడు పసుపు వైర్లు పైకొస్తాయి. వాటి కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింటు) విప్పి, మీటరుని ఏసీ 200కి మార్చి, ఇంజిన్ రేజ్ చేస్తూ రెండేసి వైర్ల చొప్పున చూశాను. 54, 55, 54. ఈ అంకె బండిని బట్టి మారుతుంది, కానీ మూడూ సమానంగా ఉండాలి. ఒక జత బాగా తగ్గితే కాయిల్ మాడినట్టు. ఇంజిన్ ఆపి ఆ వైర్లకీ బండి బాడీకీ మధ్య కంటిన్యుటీ, అంటే కరెంటు పారే దారి, ఉందేమో చూశాను, లేదు. ఉండకూడదు కూడా. కాయిల్ బాగుంది.

మిగిలింది రెగ్యులేటర్. 1,600 ఖర్చు పెట్టడానికి దాదాపు సిద్ధమైపోయి పెద్దాయనకి అంకెలన్నీ చూపించాను. కాగితం చూసి ఆయన అడిగింది ఒక్కటే. "రెగ్యులేటర్ దగ్గర ఎంతుందో సూసినారా?"

చూడలేదు. నేను చూసిందంతా బ్యాటరీ దగ్గరే.

కప్లర్ విప్పకుండానే వెనక వైపు నుంచి, రెగ్యులేటర్ ఎర్ర వైరు వెంబడి గుండుసూది లోపలికి గుచ్చి, మీటరు ఒక కొస ఆ సూదికి, రెండోది బ్యాటరీ ప్లస్‌కి పెట్టించారు. రెండూ ఒకే తీగ రెండు చివరలు, కాబట్టి ఇంజిన్ తిరుగుతున్నా వాటి మధ్య తేడా 0.2, 0.3 వోల్టులు దాటకూడదు. మీటరు మీద 1.8 కనిపించింది. రెగ్యులేటర్ 14.3 ఇస్తోంది, బ్యాటరీకి 12.5 చేరుతోంది. మధ్యలో దారిలోనే పోతోంది. ఎర్త్ (మైనస్) వైపు కూడా అలాగే చూస్తే 0.05, అక్కడ పేచీ లేదు.

సైడ్ ప్యానెల్ విప్పి ఆ కప్లర్ లాగితే తెల్ల ప్లాస్టిక్ ఒక మూల గోధుమ రంగుకి మాడి ఉంది. లోపల పిన్ను నిండా పచ్చటి చిలుము. వంశధార సముద్రంలో కలిసే చోట, ఉప్పు గాలిలో, రోజంతా బయట నిలబడే బండి. రాగికి, ఇత్తడికి చిలుము పట్టకుండా ఎలా ఉంటుంది? ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. హెడ్‌లైట్, వెనక లైటు, ఇగ్నిషన్ కలిపి నాలుగు ఆంపియర్లు అనుకుంటే, 1.8 వోల్టుల నష్టం మీద ఏడు వాట్ల వేడి. గోరంత పిన్ను మీద, ప్రయాణం చేసినంతసేపూ. మాడిందంటే మాడదా మరి.

పెద్దాయన పాత కప్లర్ కత్తిరించేసి, వైరు నల్లబడిన మేర తీసేసి, కొత్తది క్రింప్ చేసి టంకం పెట్టారు. మీద కాస్త వాజిలైన్ రాసి మూశారు. బ్యాటరీ టెర్మినల్స్ కూడా ఉప్పుకాగితంతో రుద్ది బిగించారు. "ఎనభై ఇచ్చీండి" అన్నారు. నూటయాభై ఇస్తే డెబ్బై తిరిగిచ్చేశారు. మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేసి బ్యాటరీ దగ్గర చూస్తే ఊరికే తిరుగుతున్నప్పుడు 13.6, రేజ్ చేస్తే 14.2. ఆ అంకె చూడగానే మూడు నెలల టెన్షన్ దిగిపోయింది.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున్నే, బండి తీయకముందు ఒకసారి మీటరు పెడుతున్నాను. 12.7, 12.6, 12.7. అదే బ్యాటరీ.

మొన్న శ్రీకూర్మం నుంచి వచ్చే మా తోటి మాస్టారు తన బండి బల్బులు తరచూ పోతున్నాయని, బ్యాటరీ పక్కన యాసిడ్ వాసన వస్తోందని చెప్పారు. బడి ఆవరణలోనే మీటరు పెట్టి రేజ్ చేయమన్నాను. 15.9 దాకా వెళ్లింది. ఆయన బండిలో పోయింది నిజంగా రెగ్యులేటరే. సాయంత్రం ఇద్దరం కలిసి పెద్దాయన దగ్గరికి వెళ్లాం.