ఆ ఎమోజీ పెట్టింది నేనే

మా కాలేజీ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పోయిన వారం ఒక పదం కోసం వెతికాను. ఒక మతంవాళ్లని తిట్టడానికి వాడే పదం, ఇక్కడ రాయను. అది మొదటిసారి వచ్చిన చోట నా మెసేజే ఉంది: "ఇలాంటివి పెట్టకండిరా, చిరాగ్గా ఉంది." ఇంకా కిందికి వస్తే అదే పదం, గుడ్ మార్నింగ్ పూలబొమ్మల పక్కనే, వారానికి రెండు మూడుసార్లు, నేను మాత్రం కిక్కురుమనలేదు. ఎనిమిది నెలల తర్వాత ఆ పదంతోనే ఒక జోకు, దాని కింద రిప్లైగా పగలబడి నవ్వే ఎమోజీ. పెట్టింది నేనే.

ఎందుకు వెతికానంటే, వార్సా యూనివర్సిటీలో సైకాలజిస్టు మిహావ్ బిలేవిచ్ మరో ఇద్దరితో కలిసి 2018లో వేసిన రీసెర్చ్ పేపర్ గురించి చదివాను. విద్వేషపు మాటలు పదే పదే వింటే జనం నమ్మేస్తారని కదా మన భయం. నమ్మక్కర్లేదట, అలవాటైతే చాలు. పోలండ్‌లో కుర్రాళ్లనీ పెద్దవాళ్లనీ వేరువేరుగా సర్వే చేస్తే, అలాంటి మాటలు ఎక్కువ చెవిన పడేవాళ్లకి అవి అంత తప్పుగా అనిపించలేదు, తిట్లు తినే జనం మీద చిన్నచూపు కూడా వాళ్లలోనే ఎక్కువ. అసలే ద్వేషం ఉన్నవాడు అలాంటి చోటే తిరుగుతాడు కదా, ఏది ముందు ఏది వెనక అని నాకూ డౌటొచ్చింది. అందుకే ప్రయోగం కూడా చేశారు, కొందరికి ఆ వ్యాఖ్యలు చూపించి, కొందరికి చూపించకుండా. చూసినవాళ్లే మొద్దుబారారు, చిన్నచూపూ వాళ్లలోనే ఎక్కువ కనిపించింది.

ఈ చిన్నచూపుని కొలవడానికి సైకాలజీలో పాత పద్ధతి ఒకటుంది: ఫలానావాళ్లు మీ ఆఫీసులో ఉంటే పర్వాలేదా, పక్కింట్లో ఉంటే, మీ ఇంటి పిల్లని చేసుకుంటే? మనకి దీనికి సర్వే ఎందుకు, హైదరాబాద్‌లో టులెట్ బోర్డు చూసి మెట్లెక్కితే చాలు, అడ్వాన్సు సంగతికంటే ముందు "మీరేవిట్లు?" అని వినపడుతుంది.

 

ఆ ఎమోజీ తీసేద్దామని నొక్కి పట్టుకున్నాను. చాలా పాతది కదా, నా ఫోన్లోంచి మాత్రమే పోతుందట, మిగతా నలభై మంది దగ్గరా అలాగే ఉంటుంది.