సౌత్ కాదు, నార్తే: ఎనిమిది మందికి ఒక గోల్ఫ్ కోర్స్ ఎంచుకున్న అనుభవం

నిన్న మధ్యాహ్నం రెండు గంటలకి ఆట ముగిసింది. నడుము పట్టేసింది, మెడ ఎండకి కమిలిపోయింది, కానీ మనసు హాయిగా ఉంది. ఈ హాయి కోసం నాలుగు నెలలు పడ్డ టెన్షన్ మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను. రకరకాల స్థాయిల వాళ్ళని ఒకచోట చేర్చి గోల్ఫ్ ఆడించాలనుకునే ఇంకొకరికి పనికొస్తే చాలు.

మేమంతా వరంగల్ ఆర్‌ఈసీలో కలిసి చదువుకున్నవాళ్ళం. కాలేజీ వదిలి 30 ఏళ్ళయింది. ఈసారి కలుసుకోవడం శాన్ డియేగోలో, మా ఇంట్లో. ఏడుగురు స్నేహితులం, మా ఆవిడ, మొత్తం ఎనిమిది మంది. డాలస్ వాడి హ్యాండిక్యాప్ 6 (స్కోర్‌లోంచి తీసేయడానికి ఇచ్చే దెబ్బల అంకె ఇది, ఆట బాగా వచ్చేకొద్దీ చిన్నదవుతుంది). నాది 17. ఫ్రీమాంట్ వాళ్ళిద్దరి హ్యాండిక్యాప్‌లూ ఇరవైల్లో ఉన్నాయి. మా ఆవిడది 28. ఆస్టిన్ వాడిది ఎడమచేతి వాటం, 30 పైన. న్యూజెర్సీ వాడిది 36. హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి హ్యాండిక్యాపే లేదు. ఇరిగేషన్‌లో ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్). మాతో ఆడాలని మూడు నెలలు తెల్లవారుజామున ప్రాక్టీస్ రేంజికి వెళ్ళి బంతులు కొట్టడం నేర్చుకున్నాడు.

ఊళ్ళో ఎక్కడ ఆడాలన్న దాని మీద ఎవరికీ పేచీ లేదు. టోరీ పైన్స్. సముద్రం అంచున కొండకొమ్ము మీద, నగరపాలక సంస్థ నడిపే కోర్స్. రెండో ప్రపంచయుద్ధంలో సైనిక శిక్షణ శిబిరం ఉండిన నేల అది. 1957లో గోల్ఫ్ కోర్స్‌గా తెరిచారు. ఒకే క్లబ్‌హౌస్, పక్కపక్కనే పద్దెనిమిదేసి హోల్స్ ఉన్న రెండు కోర్సులు: సౌత్, నార్త్. గొడవంతా ఈ రెండింటి మధ్యే.

సౌత్ అంటే పేరున్నది. 2008లో టైగర్ వుడ్స్ విరిగిన కాలితో 91 హోల్స్ ఆడి యూఎస్ ఓపెన్ గెలిచింది అక్కడే. 2021లో జాన్ రామ్ గెలిచిందీ అక్కడే. పద్దెనిమిదో గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి) ముందు చెరువు ఉంటుంది. 1975లో బ్రూస్ డెవ్లిన్ అనే ఆటగాడు ఆ నీళ్ళ దగ్గర ఇరుక్కుని ఆ హోల్‌కి 10 రాసుకున్నాడని ఆ చెరువుకి ఆయన పేరే పెట్టారు. డాలస్ వాడికి ఇవన్నీ కంఠతా వచ్చు. "ఇంత దూరం వచ్చి నార్త్ ఆడటమేంట్రా? తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా తిరిగొచ్చినట్టు ఉంటుంది" అని గ్రూప్‌లో పెట్టాడు. ఆ మాటకి ఐదుగురు చప్పట్ల బొమ్మలు పెట్టారు. గోల్ఫ్‌లో దెబ్బలు ఎంత తక్కువైతే అంత మంచిది, వాళ్ళలో ముగ్గురు జీవితంలో 100 లోపు స్కోర్ చేసినవాళ్ళు కారు.

నేనూ మొదట సౌత్ వైపే మొగ్గాను. ఒప్పుకోవాలి.

సరే, ముందు ఒక ట్రయల్ వేద్దామనుకున్నాం. హైదరాబాద్ వాడు కూతురి దగ్గర ఉందామని రెండు వారాల ముందే దిగాడు. న్యూజెర్సీ వాడు ఆఫీసు పని మీద అదే వారం ఊళ్ళో ఉన్నాడు. ఇద్దరినీ వెంటబెట్టుకుని కఠినమైన కోర్స్ ఒకదానికి తీసుకెళ్ళాను. దాని పేరు రాయను. పొడుగ్గా ఉంటుంది, రఫ్ (పక్కల పెరగనిచ్చే గడ్డి) దట్టంగా ఉంటుంది, గ్రీన్ల ముందు బంకర్లు (ఇసుక గుంటలు) కాపలా కాసినట్టు ఉంటాయి. అక్కడ నెట్టుకొస్తే సౌత్‌లోనూ నెట్టుకొస్తారని నా లెక్క.

మొదటి తప్పు నాది. ముందు టీల (హోల్ మొదటి దెబ్బ కొట్టే చోట్లలో గ్రీన్‌కి దగ్గరగా ఉన్నవి) నుంచి ఆడదామని చెప్పలేకపోయాను. అవి ఆడవాళ్ళ టీలని ఎవడైనా అంటాడేమోనని వాళ్ళకీ మొహమాటం, నాకూ మొహమాటం. దయచేసి ఎవరూ ఈ మొహమాటానికి పోకండి. టీకి ఆడా మగా లేదు. బంతి ఎంత దూరం పోతుందో దాన్నిబట్టి టీ. మా ఆవిడ ఈ మాట ఆరేళ్ళుగా చెబుతూనే ఉంది.

నాలుగో హోల్ పార్ ఫైవ్, అంటే ఐదు దెబ్బల్లో ముగించాల్సినది. హైదరాబాద్ వాడి మొదటి దెబ్బ బాగానే తగిలింది, 140 గజాలు. కానీ రఫ్‌లో పడింది. ఇక్కడి కికుయు గడ్డి సంగతి తెలియనివాళ్ళకి చెబుతాను. పైనుంచి చూస్తే మెత్తటి తివాచీలా ఉంటుంది. బంతి అందులో అడుగు దాకా దిగిపోతుంది. క్లబ్ ఊపితే గడ్డి దాని మెడకి చుట్టుకుని తిప్పేస్తుంది. అతను కొట్టాడు, పది అడుగులు పోయింది. మళ్ళీ కొట్టాడు, ఇంకో పది అడుగులు. ఐదో దెబ్బకి బయటపడింది. అక్కణ్ణించి మరో మూడు. ఆ తర్వాత గ్రీన్ ముందున్న బంకర్. ఇసుకలో నాలుగు. అటుపక్క న్యూజెర్సీ వాడు బంతి పోగొట్టుకుని వెతుకుతున్నాడు. వెనక టీ మీద నలుగురు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అప్పుడొచ్చాడు మార్షల్, ఆట ఆలస్యం కాకుండా చూసే కోర్స్ మనిషి. కార్ట్ దిగలేదు. "మీరు హోలున్నర వెనకబడ్డారు. బంతులు తీసుకుని ఏడో హోల్‌కి వెళ్ళిపోండి" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. బంకర్‌లో ఉన్నవాణ్ణి చూస్తూ, "ఈయన్ని ముందు రేంజిలో నేర్చుకుని రమ్మనండి" అని నాతో అన్నాడు, అతనికి ఇంగ్లీషు రాదన్నట్టు. అదే ఇంగ్లీషులో అతను వందల పేజీల ప్రాజెక్టు రిపోర్టులు రాశాడు.

నా స్నేహితుడు ఒక్క మాట అనలేదు. బంతి తీసి జేబులో వేసుకున్నాడు. రేక్ పట్టుకుని తన అడుగుల గుర్తులన్నీ ఓపిగ్గా చదును చేశాడు. కార్ట్‌లో కూర్చుని ఎడమచేతి గ్లోవ్ విప్పాడు. ఈ ప్రయాణానికని కొన్న కొత్త గ్లోవ్. వేళ్ళు ఒక్కొక్కటే లాగి సరిచేసి, మధ్యకి మడిచి, వచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే మళ్ళీ పెట్టి, అంటుకునే మూత వేలితో నొక్కాడు. తర్వాతి పన్నెండు హోల్స్ మాకు జెండా పట్టుకున్నాడు, క్లబ్బులు అందించాడు. బంతి మాత్రం ముట్టలేదు. తిరిగి వస్తుంటే కార్లో, "మీరందరూ ఆడండిరా, ఆ రోజు నేను ఫోటోలు తీస్తాలే" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మార్షల్ చేసిన పని తప్పని నేననను. ఒక్కో దెబ్బకి 40 సెకన్లు మించకుండా చూసుకోమని గోల్ఫ్ నియమాలే సూచిస్తాయి. పోయిన బంతిని వెతకడానికి ఇచ్చేది మూడే నిమిషాలు. ముందు ఐదు ఉండేవి, 2019లో తగ్గించారు. వెనకవాళ్ళూ డబ్బు కట్టే వచ్చారు. కానీ పెద్దమనిషికి చెప్పే తీరు ఒకటుంటుంది. కార్ట్ దిగి, దగ్గరికొచ్చి, మెల్లగా చెబితే పావు నిమిషం పట్టేది. ఆ కోర్స్‌కి నేను మళ్ళీ వెళ్ళను. మీరు కూడా కొత్తవాళ్ళని తీసుకెళ్ళేముందు అక్కడి మార్షల్స్ ఎలాంటివాళ్ళో నలుగురిని అడగండి. ఫీజు కన్నా, గడ్డి కన్నా ఇదే ముఖ్యం.

మర్నాడు పొద్దున్నే డాలస్ వాడికి ఫోన్ చేశాను. వాడు చెడ్డవాడు కాదు, లెక్కల మనిషి. "హ్యాండిక్యాప్ ఉన్నది అందుకే కదరా. కష్టమైన కోర్స్ అయితే స్లోప్ ఎక్కువ, ఎక్కువ స్ట్రోకులు వస్తాయి, అందరూ సమానమే" అన్నాడు. లెక్క ప్రకారం నిజమే. స్లోప్ అంటే మామూలు ఆటగాడికి కోర్స్ ఎంత కష్టమో చెప్పే అంకె. ఇండెక్స్‌ని (మనిషి హ్యాండిక్యాప్ అంకెని) స్లోప్‌తో గుణించి 113తో భాగిస్తారు, దానికి రేటింగ్‌కీ (బాగా ఆడేవాడికి అక్కడ పడే స్కోర్‌కీ) పార్‌కీ ఉన్న తేడా కలుపుతారు. ఆ తేడా పక్కనపెడితే, ఇండెక్స్ 30 ఉన్నవాడికి స్లోప్ 120 అయితే సుమారు 32 స్ట్రోకులు, 140 అయితే 37. "మరి ఆ ఐదు స్ట్రోకులు కికుయు గడ్డిలోంచి బంతిని పైకి లేపుతాయా?" అని అడిగాను. స్కోర్ కార్డు మీద సమానం చేయొచ్చు, అంతే. గడ్డిలో మోకాళ్ళ మీద వంగి, వెనక నలుగురు చూస్తుండగా పన్నెండోసారి కొట్టే మనిషికి ఆ లెక్క ఏం ఊరటనిస్తుంది? బంకర్‌లో జరిగింది, గ్లోవ్ సంగతి, అన్నీ చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నార్త్ బుక్ చెయ్యి" అన్నాడు.

నార్త్‌ని 2016లో కోర్సుల డిజైనర్ టామ్ వైస్కాఫ్ తిరిగి రూపుదిద్దాడు. గ్రీన్లు పెద్దవి చేశాడు, బంకర్లు తగ్గించాడు. సౌత్ కన్నా పొడవు తక్కువ. బుక్ చేసేముందు నేనూ మా ఆవిడా వెళ్ళి నార్త్ ఆడి చూశాం. ఈసారి నా బంతిని కాదు, తన బంతిని గమనించాను. 130 గజాలు కొట్టేవాళ్ళు ఎక్కడ ఇరుక్కుంటారు, నేల మీద దొర్లించుకుంటూ గ్రీన్ మీదకి పోవడానికి దారి ఉందా. చాలాచోట్ల ఏదో ఒక పక్కనుంచి దారి దొరికింది. సముద్రం సౌత్‌లో ఎంత అందంగా కనిపిస్తుందో ఇక్కడా అంతే కనిపిస్తుంది. పదిమందిని పోగేసేవాళ్ళు చేయాల్సిన ట్రయల్ ఇది. నేను ముందు చేసింది కాదు.

ఇక బుకింగ్. ఊరివాళ్ళకి కార్డు ఉంటే ఫీజు బాగా తక్కువ, బయటివాళ్ళకి బాగా ఎక్కువ. సౌత్ అయితే బయటివాళ్ళకి 200 డాలర్ల పైమాటే, నార్త్ అంతకన్నా తక్కువ. ఒకదాని వెనక ఒకటి రెండు టీ టైమ్‌లు తీసుకున్నాను. ఆస్టిన్ వాడికి ఎడమచేతి సెట్ అద్దెకి కావాలని ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచాను. డాలస్ వాడు ఒక రోజు ముందే వచ్చి, చీకటితో లేచి, ఒంటరి మనిషికి చోటు దొరికితే చాలని నిలబడి సౌత్ ఆడుకున్నాడు. 84. వాడి ముచ్చటా తీరింది.

నిన్న పొద్దున సముద్రం మీంచి మంచు కమ్మేసింది. ఎనిమిదిన్నర దాటాక విడిపోయింది. బాగా ఆడే నలుగురు ఒక బ్యాచ్, మిగతావాళ్ళు ఒక బ్యాచ్ అని చేయలేదు. అది చాలామంది చేసే పొరపాటు, రెండో బ్యాచ్ మొదటి టీ దగ్గరే డీలా పడిపోతుంది. డాలస్ వాడు, మా ఆవిడ, హైదరాబాద్ వాడు, ఫ్రీమాంట్ ఒకడు కలిసి ఆడారు. నలుగురూ మూడు రకాల టీల నుంచి. స్టేబుల్‌ఫర్డ్ పద్ధతి (ప్రతి హోల్‌కీ విడిగా పాయింట్లు ఇచ్చేది) పెట్టాం, ప్రతి హోల్‌కీ బ్యాచ్‌లో మంచి స్కోర్లు రెండే లెక్క. హోల్ పాడైతే సున్నా రాసుకుని బంతి ఎత్తేయొచ్చు, పక్కవాళ్ళు కాపాడతారు. ఎత్తేయమని ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొదటి రెండు హోల్స్ హైదరాబాద్ వాడు ఎత్తేశాడు. సముద్రం వైపు దిగే పార్ త్రీ దగ్గర డాలస్ వాడు తన బ్యాగ్‌లోంచి హైబ్రిడ్ అనే క్లబ్ తీసి అతని చేతిలో పెట్టాడు. "గాలిలోకి లేపాలని చూడకు మామా, కిందే పోనీ" అన్నాడు. బంతి తలెత్తు కూడా లేవలేదు. పోయి నేల తాకి, వాలు పట్టుకుని, దొర్లి దొర్లి గ్రీన్ చివర ఆగింది. గ్రీన్ మీద దొర్లించే దెబ్బలు (పట్‌లు) రెండు. పార్. మూడు అని రాయడానికి మా ఆవిడ పెన్సిల్ తీస్తే, "నేనే రాసుకుంటానమ్మా" అని కార్డు అడిగి తీసుకున్నాడట. మేము వెనక టీ మీదున్నాం, కేకలు మా దాకా వినిపించాయి.

మొత్తం నాలుగు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఒక్క మార్షల్ కూడా మా దగ్గర ఆగలేదు. ఈ విషయంలో నాకు గర్వంగానే ఉంది.

వచ్చే ఏడు డాలస్‌లో. వాడు రాత్రే గ్రూప్‌లో రెండు కోర్సుల పేర్లు పెట్టాడు. ముందు టీల నుంచి పొడవెంత, రఫ్ ఎంత ఎత్తు పెంచుతారు, గ్రీన్ ముందు దారి ఉందా, ఈ మూడూ కనుక్కుని రాయమన్నాను. ఆ కింద హైదరాబాద్ వాడు నాలుగోది చేర్చాడు: మార్షల్స్ ఎలాంటివాళ్ళు?