టీపాయ్ గుడ్డ కాస్తా గిన్నె అయింది

ఆదివారం, రాత్రి పదిన్నర.

బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వీపుకి చుట్టిన గంధం రంగు దారం ఇంకా నీళ్ళోడుతోంది. కింద పాత తువ్వాలు పరిచాను. మూడు సాయంత్రాల పని అది. విప్పడానికి పావుగంట కూడా పట్టలేదు.

బుధవారం మొదలుపెట్టాను. హాల్లో టీపాయ్ మీదకి క్రోషేతో, అంటే కొక్కెం సూదితో దారం అల్లి, ఒక గుండ్రటి గుడ్డ, అంతే. ఫోన్‌లో దొరికిన డిజైన్. మధ్యలో ఆరు కుట్లు వేసుకోవాలి, ఆ తర్వాత వరసకి ఆరేసి పెంచుకుంటూ పోవాలి, అన్నీ డబుల్ క్రోషే. ఆరు, పన్నెండు, పద్దెనిమిది... ఆరో ఎక్కం అప్పజెప్పినట్టే. ఆఫీసు నుంచి వచ్చి కుక్కర్ పెట్టి, విజిల్స్ వచ్చేలోపు ఒక వరస లాగించేదాన్ని. నాలుగో వరస దగ్గరే అంచు కొంచెం పైకి లేస్తున్నట్టు అనిపించింది. పోనుపోను అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. క్రోషే పట్టినప్పటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో. ఒక్కసారీ సర్దుకున్న పాపాన పోలేదు.

శుక్రవారం రాత్రి పన్నెండో వరస అయ్యేసరికి అది గుడ్డ కాదు, గిన్నె. టీపాయ్ మీద బోర్లిస్తే గోపురంలా నిలబడింది. మా ఆయన చూసి "ఇందులో మజ్జిగ పోస్తే కారుతుందేమో కదా" అన్నాడు. మావాడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. సరిగ్గా సరిపోయింది కూడా, అదీ నా బాధ.

కుట్లు తప్పాయేమోనని మూడుసార్లు లెక్కపెట్టాను. పన్నెండో వరసలో 72 ఉండాలి, 72 ఉన్నాయి. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెతుక్కోవచ్చు. లెక్క సరిపోయి వస్తువు తప్పితే ఎక్కడని వెతకను? చెయ్యి బిగువైందేమో అనుకున్నాను. దారాన్ని ఎంత లాగి పడతామో దాన్ని క్రోషేలో టెన్షన్ అంటారు. నాకు అప్పటికి రెండు రకాల టెన్షనూ ఉంది. రెండున్నర మిల్లీమీటర్ల సూది పక్కన పెట్టి, మూడు మిల్లీమీటర్ల సూదితో ఇంకో చిన్న ముక్క అల్లి చూశాను. అదీ గిన్నే. కాకపోతే వదులు గిన్నె.

నిన్న ఇంకో ప్రయోగం. మొత్తం తడిపి, పరుపు మీద తువ్వాలు పరిచి, చుట్టూ గుండుసూదులు గుచ్చి సాగదీసి ఆరబెట్టాను. పొద్దున సూదులు తీశానో లేదో, నూనెలో పడ్డ పూరీలా లేచి కూర్చుంది.

ఇక లాభం లేదని ఈ మధ్యాహ్నం మా మేనత్తకి వీడియో కాల్ చేశాను. అత్తది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేసు అల్లని ఇల్లు ఉండేది కాదంటుంది. 1844 ప్రాంతంలో మిషనరీలు నేర్పిన విద్య అది, 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. అత్తకి ఆ గుర్తింపు సంగతి చెప్తే, "అయితే కూలి పెరిగిందటా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

"ఏదీ, ఫోను దగ్గరగా పెట్టు. తిప్పు. ఇంకాస్త తిప్పు" అంది. అర నిమిషం చూసిందేమో. నేను లెక్క అంతా సరిగ్గానే ఉందని గోల పెడుతున్నాను.

"నీ లెక్క బాగానే ఉందే అమ్మాయ్. కుట్టే వేరు. పొట్టి కుట్టు లెక్క పెట్టుకుని పొడుగు కుట్టు అల్లావు."

"అదేంటత్తా, డబుల్ క్రోషే అనే ఉంది అందులో."

"ఆ పేర్లు నాకు తెలీవు. లంగాకి గుడ్డ ఎక్కువైతే కుచ్చులొస్తాయి, తక్కువైతే పట్టేస్తుంది. కుట్టు పొడుగైతే ప్రతి వరసకీ చక్రం ఎక్కువ పెద్దదవుతుంది, దాని చుట్టూ తిరిగి రావడానికి కుట్లు ఎక్కువ కావాలా వద్దా? ఆరు చాలవు. ఆరుకి ఇంకో ఆరు కలిపి పన్నెండేసి కుట్లు వెయ్యి."

ఫోన్ పెట్టేశాక ఆ డిజైన్ మళ్ళీ తెరిచి, ఈసారి చివరిదాకా చదివాను. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది: ఇది బ్రిటిష్ పద్ధతి అని. బ్రిటన్‌లో డబుల్ క్రోషే అనేదాన్ని అమెరికాలో సింగిల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ క్రోషే బ్రిటన్ వాళ్ళకి ట్రెబుల్. నేను నేర్చుకున్నదంతా అమెరికా వీడియోల్లో. పేరు ఒకటే, కుట్లు రెండు. పొట్టి కుట్టు, అంటే సింగిల్ అయితే ఆరేసి పెంచితే చదునుగా పరుచుకుంటుంది. నా పొడుగు కుట్టుకి పన్నెండేసి కావాలి. అంటే పన్నెండో వరసలో నాకు ఉండాల్సినవి 72 కాదు, 144. సగం చక్రాన్ని పట్టుకుని పూర్తి చక్రం అవమంటే అది మాత్రం ఏం చేస్తుంది.

లేసు మనకిచ్చిన మిషనరీలదీ బ్రిటనే. ఆ లెక్కన ఈ బ్రిటిష్ గొడవ ముందు అత్తకి తెలియాలి. కానీ ఆవిడ ఏ పేరూ లేకుండానే బతికేసింది. ఏజెంటు దారంతో పాటు ఒక మచ్చు ముక్క ఇచ్చేవాడట, దాన్ని చూసి అల్లడమే. ఒక్క పువ్వు వంకరగా ఉన్నా వెనక్కి విసిరేసేవాడు కాబట్టి, దీపం ముందు కూర్చుని విప్పడం కూడా అల్లడమంత బాగా వచ్చేసింది అంటుంది. నేనేమో 468 కుట్లు విప్పడానికి మనసొప్పక మధ్యాహ్నమంతా సోఫాలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక దశలో పూలకుండీకి తొడుగేద్దామా అని కూడా చూశాను. మా ఇంట్లో కుండీ లేదు. ఉన్నది ప్లాస్టిక్ డబ్బాలో కొత్తిమీర.

చివరికి మావాణ్ణి పిలిచి రెండు చేతులూ చాపమన్నాను. నేను లాగుతుంటే వాడు చుట్టుకున్నాడు. కొస పట్టుకుని లాగితే టకటకా వరసలు ఊడిపోతుంటే వాడికి భలే సరదా. "అమ్మా, ఇంకోటి అల్లు, మళ్ళీ విప్పుదాం" అన్నాడు.

విప్పిన దారం నూడుల్స్‌లా మెలికలు తిరిగి ఉంది. అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి కాబట్టి, కుర్చీకి చుట్టి తడిపి వదిలేశాను. ఆరితే చాలావరకు సాగుతుంది.

రాత్రి భోజనాలయ్యాక రెండో ఉండ తీశాను. ఈసారి పన్నెండుతో మొదలు. ఇరవై నాలుగు. ముప్పై ఆరు. ప్రతి వరసకీ టీపాయ్ మీద పెట్టి అరచేత్తో రాసి చూశాను. అప్పడంలా పడుకుంది. ఫోటో తీసి అత్తకి పంపాను, నిద్రపోయినట్టుంది, చూడలేదు.

నాలుగో వరస అయ్యాక లెక్కపెట్టాను. 49. ఇంకోసారి లెక్కపెట్టాను. మళ్ళీ 49. ఒక్కటేగా, ఎవరు చూడొచ్చారు అనుకుంటూ సూది తీసి వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాను. పది కుట్ల వెనకాల ఒకే కన్నంలో రెండుకి బదులు మూడు దూర్చేశాను. ఆ పదీ విప్పాను.