స్పీచ్ థెరపీ గదిలోకి అమ్మానాన్నల్ని రానివ్వాలి

రెండున్నరేళ్ళు దాటినా మా వాడికి వచ్చిన మాటలు నాలుగు, అందులో ఒకటి "హా". మగపిల్లలకి లేటుగానే వస్తాయిలే, వీళ్ళ నాన్నకీ అంతే అని మా అత్తయ్య. వస అరగదీసి నాలిక్కి రాయమని పక్కింటి పిన్నిగారు. పిల్లల డాక్టరు మాత్రం వసా వద్దు, చూద్దాంలే అని ఊరుకోవడమూ వద్దు, ముందు చెవులు చూపించండి అన్నారు. రెండేళ్ళకి ఓ యాభై మాటలు రాకపోయినా, "అమ్మా దా" లాగా రెండేసి కలపకపోయినా ఇక ఆగకూడదట.

పిలిస్తే తిరుగుతున్నాడు కదా, చెవి పరీక్ష ఎందుకనిపిస్తుంది. కొన్ని శబ్దాలు వినపడి, "స" లాంటి సన్నటివి వినపడకపోయినా పిల్లలు పిలిస్తే తిరుగుతారు, మాటలు మాత్రం సరిగ్గా అందవు. అందుకే బెరా టెస్ట్. దానికి పిల్లాడు నిద్రపోవాలి కాబట్టి రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపి తెమ్మన్నారు. అల్వాల్ నుంచి దారంతా ఆటోలో కునుకు పట్టకుండా కితకితలు పెడుతూ తీసుకెళ్తే, తీరా అక్కడ కళ్ళు ఇంతింత చేసుకుని కూర్చున్నాడు! సిరప్ పట్టాక గానీ పడుకోలేదు. నుదుటి మీదా చెవుల వెనకా వైర్లు అతికించి చెవిలోకి టిక్ టిక్ శబ్దం పంపిస్తారు, అది మెదడు దాకా చేరుతోందో లేదో కంప్యూటర్‌లో గీతలుగా కనబడుతుంది. నొప్పేమీ ఉండదు. రిపోర్ట్ నార్మల్ వచ్చింది.

తర్వాత ఇంటికి దగ్గర్లో ఒక సెంటర్‌లో చేర్పించాం. ప్యాకేజీ డబ్బులు ముందే కట్టించుకుని, పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళి తలుపేసేవాళ్ళు. ముప్పావుగంట తర్వాత "బాగా చేశాడు మేడమ్" అని అప్పగించడం, అంతే. ఏం చేశాడో, ఇంట్లో మేం ఏం చేయాలో అడిగితే మీరుంటే డిస్టర్బ్ అవుతాడు అనేవాళ్ళు. మిగిలిన డబ్బులు వదులుకుని మానేశాం.

ఇప్పుడు వెళ్తున్నచోట థెరపిస్టు మొదటిరోజే నన్ను చాప మీద కూర్చోమంది. సబ్బు బుడగల డబ్బా మూత గట్టిగా బిగించి వాడి చేతికిచ్చింది. వాడు తిప్పి తిప్పి, రాక, ఆమె ఒళ్ళో పడేశాడు. ఆమె తియ్యలేదు, వాడి మొహంలోకి చూస్తూ ఆగింది. నాకైతే లాక్కుని తీసిచ్చేయాలనిపించింది. కాసేపటికి వాడు ఆమె వైపు చూసి "తీ" అన్నాడు, వెంటనే మూత తీసి "తియ్యి! తీశాను" అంటూ గది నిండా బుడగలు ఊదింది. ఆ ఆగడమే ఇంట్లో మాకు కష్టమైంది, ముఖ్యంగా అత్తయ్యకి, వాడు ఫ్రిజ్ వైపు చూస్తే చాలు పెరుగు గిన్నె బయటికొచ్చేస్తుంది.

"ఇదేంటి? అదేంటి?" అని పరీక్షలు పెట్టొద్దంది, వాడు చూస్తున్నదాని గురించి మనమే చెప్పాలి. ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి అని ప్లే స్కూల్ వాళ్ళన్నారు, ఆమె మాత్రం మీకు బాగా వచ్చిన తెలుగులోనే మాట్లాడండి, రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు అంది.

కొత్తగా వెతికేవాళ్ళు థెరపిస్టుకి బీఏఎస్ఎల్‌పీ (వినికిడి, స్పీచ్ థెరపీ కోర్సు) డిగ్రీ, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్నాయేమో మొహమాటపడకుండా అడగండి. ప్రైవేటు ఫీజులు బరువైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థలు రెండున్నాయి, మాటలూ వినికిడి సమస్యలకైతే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, బుద్ధిమాంద్యం అనుమానం ఉంటే ఎన్ఐఈపీఐడీ.

మా వాడు ఇప్పుడు రెండు మూడు మాటలు కలుపుతున్నాడు. "క" పలకదు, కాకి వాలితే "తాతి వచ్చింది" అంటాడు, చుట్టాలు తాతయ్య వచ్చారేమో అని గుమ్మం వైపు చూస్తారు. అది తర్వాత చూద్దాం అంది థెరపిస్టు. ప్రస్తుతం టెన్షన్ స్కూల్ అడ్మిషన్ గురించే. నీ పేరేంటి అని అడిగితే వీడు "పేలేంటి?" అని తిరిగి వాళ్ళనే అడుగుతున్నాడు, ఈ నెలంతా సెషన్లలో దాని మీదే పని.