చివర్లో ‘చెయ్యాలి’ ఒక్కటే తెలుగు

మా గ్యారేజీలో ఒక రూలుంది. బండి పని జరుగుతున్నంతసేపూ తెలుగే మాట్లాడాలి. రూలు పెట్టింది నేనే. మొన్న శనివారం టార్చి పట్టుకుని నిలబడ్డ మా పదకొండేళ్ళ పిల్ల దాన్ని ఒక్క మాటతో పడగొట్టింది.

"చలికాలం వచ్చేస్తోంది. రేడియేటర్ క్యాప్ ఓపెన్ చేసి, కూలెంట్ డ్రెయిన్ చేసి, సిస్టమ్ ఫ్లష్ చెయ్యాలి" అన్నాను.

"నాన్నా, అందులో ‘చెయ్యాలి’ ఒక్కటే తెలుగు."

నేను చలికాలం కూడా ఉందిగా అనబోయి ఊరుకున్నాను.

బండి 1970ల నాటి సుజుకి జీటీ750 మోటార్ సైకిల్. నేను చిన్నప్పటి నుంచీ నడిపినవన్నీ గాలికి చల్లబడే ఇంజన్లే, బండికి నీళ్ళు పోయడమంటేనే నాకు వింత. అమెరికాలో దీన్ని ‘వాటర్ బఫెలో’ అనేవాళ్ళని చెబితే, "అయితే మనం గేదె అందాం" అంది. అప్పట్నుంచీ దాని పేరు గేదె. రూలుతో పని లేకుండా ఆ గ్యారేజీలో పుట్టిన తెలుగు బహుశా అదొక్కటే.

ఆ గేదెకి మొదటి చలికాలం నేను చేసిన ద్రోహం మా పిల్లకింకా గుర్తే. నీళ్ళన్నీ వంచేశాను, ఖాళీగా ఉంటే గడ్డకట్టడానికేముంది అనుకున్నాను. పంపులో గుక్కెడు నీళ్ళు మిగిలాయి. గడ్డకట్టేటప్పుడు నీరు 9 శాతం దాకా ఉబ్బుతుంది. ఆ గుక్కెడే పంపు మూతని చీల్చేసింది. పైగా తడి ఆరని లోపలి ఇనుముకి గాలి తగిలి తుప్పు. అందుకే ఇప్పుడు ఖాళీగా ఉంచను, కొత్త కూలెంట్‌తో, అంటే ఇంజన్ని చల్లబరిచే ద్రవంతో, నింపి పెడతాను. ఇథిలీన్ గ్లైకాల్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు.

"మొత్తం గ్లైకాలే పోసేస్తే ఇంకా మంచిది కదా?"

కాదు. నీళ్ళు కలపకపోతే అది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. పోసి వదిలేసినా చాలదు, ఇంజను వేడెక్కాకే కూలెంట్‌కి దారిచ్చే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపితేనే మూలమూలకీ చేరుతుంది. ఇదంతా చెబుతుండగానే తను వేడి మూత మీద చెయ్యి వెయ్యబోయింది.

"స్టాప్! డోంట్ టచ్!" అని అరిచాను.

తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తను నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

పిల్లలకి తెలుగు పాఠంలా చెప్పకండి, చేతిపనితో కలిపి చెప్పండి అని స్నేహితులకి సలహాలిస్తుంటాను, అదీ సగం ఇంగ్లీషులో. అసలు తను గ్యారేజీకి వచ్చేది గేదె మీద ఇష్టంతోనా, రాకపోతే నేను మొహం మాడ్చుకుంటాననా? అడిగే ధైర్యం లేదు.

పాత కూలెంట్ డబ్బాలోకి పట్టాం. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, ప్రాణం పోతుంది అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. వచ్చేసరికి డబ్బా మీద నల్ల మార్కర్‌తో పెద్దపెద్ద తెలుగు అక్షరాలు, ఎవరూ అడగకుండానే: "విశం".

పక్కింటివాళ్ళకి అర్థం కావద్దూ, కింద ఇంగ్లీషులో కూడా రాయమన్నాను. నా మొహంలోకి ఒకసారి చూసి రాసింది, తప్పు లేకుండా.

ఇలాంటివి తీసుకునే చోట ఆ డబ్బా వచ్చేవారం ఇచ్చి రావాలి. ఈలోగా ఆ ‘శ’ని ‘ష’ చేద్దామని రెండుసార్లు మార్కర్ మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.