చర్మం లోపలికి పెరిగే వెంట్రుకలతో నేను పడ్డ తిప్పలు

మొదటిసారి చూసినప్పుడు చెమటకాయ అనుకున్నాను. వాక్సింగ్ చేయించుకుని పది రోజులైంది, ఎడమ తొడ లోపలివైపు ఒక చిన్న ఎర్ర పొక్కు, మధ్యలో నల్ల చుక్క. గోకితే మంట, గోకకపోతే దురద. రెండు రోజులు తిరిగేసరికి ఒకటి కాస్తా నాలుగయ్యాయి. ఆ తర్వాత పిక్కల మీద, గజ్జల దగ్గర, ఒక్కోసారి చంకల్లో కూడా. చివరికి కాళ్లు కనబడే బట్టలు వేసుకోవడమే మానేశాను. అసలు వెంట్రుకలు తీయించుకున్నదే కాళ్లు బాగుండాలని, తీయించుకున్నాక ఆ కాళ్లనే దాచుకుని తిరగడం, ఏం తెలివో నాది!

తప్పంతా వాక్స్‌దే అని తేల్చేసి షేవింగ్‌కి మారాను. నాలో పెద్ద మూర్ఖురాలు బయటపడింది అక్కడే. ఐదు బ్లేడుల రేజర్ కొన్నాను, ఎన్ని బ్లేడులుంటే అంత నున్నగా వస్తుంది కదా అని. ఒక చేత్తో చర్మాన్ని గట్టిగా లాగిపట్టి, రెండో చేత్తో చీలమండ నుంచి మోకాలి దాకా, అంటే వెంట్రుకలు పెరిగే దిక్కుకి సరిగ్గా ఎదురుగా, గీసిన చోటే మళ్లీ మళ్లీ గీసేదాన్ని. ఆ పూట మాత్రం చెయ్యి వేస్తే జారిపోయేంత నునుపు. మూడో రోజుకి పొక్కులు, ఈసారి వాక్సింగ్ అప్పటికన్నా రెట్టింపు. మృతకణాలు పేరుకుపోవడం వల్లే ఇదంతా అని ఎవరో అంటే, గరుకు స్క్రబ్ తెచ్చి గిన్నె తోమినట్టు రోజూ తోమాను. పొక్కుల పైతోలు లేచిపోయి రసి కారింది తప్ప ఒక్కటీ తగ్గలేదు.

ఇక పిన్నీసు సంగతి. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ టార్చ్ వెలుగులో కాలు మడిచి కూర్చుని, నల్ల గీతలా కనిపిస్తున్న వెంట్రుక మీద చర్మాన్ని పిన్నీసుతో చీల్చేదాన్ని. కొన్ని దొరికేవి. ఒకటైతే గడియారం స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని ఉంది, ప్లక్కర్‌తో కొస పట్టి లాగితే వస్తూనే ఉంది, సాగదీసి చూస్తే వేలి కణుపంత పొడవు. ఎంత తృప్తి అనిపించిందో చెప్పలేను, నిజం చెప్పాలంటే అదొక వ్యసనం అయిపోయింది. లోపల వెంట్రుకే లేని పొక్కుల్ని కూడా తవ్వేదాన్ని. తొడ మీద అలా తవ్విన ఒకదానికి చీము పట్టి, చుట్టూ ఎర్రగా వేడిగా గట్టిపడి, నడుస్తుంటే రాపిడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటికిగానీ చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు.

ఆవిడ భూతద్దంలాంటి పరికరం చర్మానికి ఆనించి చూశారు, నాకూ స్క్రీన్ మీద చూపించారు. ఒక వెంట్రుక రంధ్రంలోంచి బయటికొచ్చి, విల్లులా వంగి, మళ్లీ పక్కనే చర్మంలోకి దిగబడి ఉంది. ఇంకొకటి అసలు బయటికే రాకుండా పైపొర కింద అడ్డంగా పాకుతోంది. నన్ను మొదట అడిగింది సబ్బు గురించో తిండి గురించో కాదు, "మీ రేజర్‌కి ఎన్ని బ్లేడులు?" అని. ఐదంటే చిన్నగా నవ్వారు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. ఎక్కువ బ్లేడులున్న రేజర్‌లో మొదటి బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగితే తర్వాతది కోస్తుంది, కోశాక ఆ మొదలు చర్మం మట్టం కన్నా కిందికి జారుకుంటుంది. చర్మాన్ని లాగిపట్టి గీసినా అంతే. కోసిన కొస సూదిలా వాలుగా, పదునుగా ఉంటుంది కాబట్టి, మళ్లీ పెరిగేటప్పుడు దారి కొంచెం తప్పినా పక్క గోడలోకి గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని బయటి నుంచి దిగిన ముల్లులా చూసి వాపు తెస్తుంది. వాక్సింగ్‌లో అయితే, పట్టీ సరిగ్గా లాగకపోతే వెంట్రుక కుదురుతో సహా రాకుండా చర్మం కిందే తెగిపోతుంది. కుదురుతో వచ్చినా, కొత్తగా మొలిచేది సన్నగా, బలం లేకుండా ఉంటుంది, ఈలోగా రంధ్రం మూతి మీద మృతకణాలు పేరుకుంటే అది వాటిని చీల్చుకుని రాలేక లోపలే మెలికలు తిరుగుతుంది. ఉంగరాల వెంట్రుకలున్న వాళ్లకీ, గజ్జల దగ్గరలా ముతకగా పెరిగే చోట్లా ఇది ఎక్కువ. నా మోచేతుల మీద ఒక్క పొక్కూ ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది, అక్కడివి సన్నగా తిన్నగా ఉంటాయి. అంటే నేను ఎంత నునుపు కోరుకుంటే అంత లోతుగా కోశాను, ఎంత లోతుగా కోస్తే అన్ని పొక్కులు.

మందుల కన్నా ముందు ఆవిడ పెట్టిన షరతు ఒక నెల పాటు రేజర్, వాక్స్, ప్లక్కర్ ఏదీ ముట్టుకోవద్దని. అన్నిటికన్నా కష్టం ఇదే. మొదటి వారం పొక్కులు ఇంకా పెరిగినట్టే అనిపించి తెగ టెన్షన్ పడ్డాను. కానీ వెంట్రుక కొంచెం పొడవు పెరిగేసరికి దాని బిగువుకి అదే స్ప్రింగులా విడివడి బయటికొచ్చేస్తుంది. రెండు పూటలా గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డ పది నిమిషాలు వేసి ఉంచేదాన్ని. చీము పట్టిన వాటికి బెంజాయిల్ పెరాక్సైడ్ ఇచ్చారు, అది తగిలి నా నీలం తువ్వాలు మీద తెల్ల మచ్చలు పడ్డాయి, వాడేవాళ్లు పాత తువ్వాలు పెట్టుకోండి. మిగతా చోట్ల రాత్రిపూట 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ లోషన్. అది పేరుకున్న మృతకణాలను నెమ్మదిగా వదిలిస్తుంది, తోమే పని లేదు. మొదట్లో వారానికి మూడు రోజులే రాసి, పొడిబారకుండా మాయిశ్చరైజర్ రాసేదాన్ని. నాలుగో వారానికి కొత్తవి రావడం ఆగిపోయింది.

మచ్చలు మాత్రం అంత తేలిగ్గా పోవు. మనలాంటి చామనఛాయ చర్మం మీద వాపు తగ్గినా నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. వాటి కోసం అడాపలీన్ జెల్ రాయమన్నారు, ఎండ తగిలే చోట సన్‌స్క్రీన్ తప్పనిసరి అన్నారు. ఇలాంటి రెటినాయిడ్ క్రీములు వాడుతున్న చోట వాక్సింగ్ చేస్తే పైపొర కూడా పట్టీతో పాటు ఊడొచ్చేస్తుందట. ఆవిడ చెప్పకపోయుంటే నెల దాటగానే నేను చేసేదాన్నే. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగేవాళ్లయితే ఆపేశాక కూడా ఆరు నెలల దాకా వాక్స్ జోలికి పోకూడదట.

ఇప్పుడు నేను చేసేది చాలా సాదా వ్యవహారం. గజ్జల దగ్గర ట్రిమ్మర్ మాత్రమే, ఒక మిల్లీమీటరు ఉండనిస్తాను, ముట్టుకుంటే గరుగ్గా తగులుతుంది, తగలనీ. కాళ్లకి రేజరే, కాకపోతే ఒక్క బ్లేడుది. స్నానం చివర్లో, గోరువెచ్చని నీళ్లకి వెంట్రుకలు మెత్తబడ్డాక, షేవింగ్ జెల్ రాసి రెండు మూడు నిమిషాలు ఆగి, పై నుంచి కిందికి, అంటే అవి పెరిగే దిక్కుకే, నొక్కకుండా గీస్తాను. చర్మాన్ని లాగిపట్టను. ఒక్కో గీతకి బ్లేడు కడుగుతాను, ఐదారు సార్లు వాడాక పారేస్తాను. తడి రేజర్‌ని బాత్రూంలో వదలకుండా ఆరబెడతాను. తర్వాత చల్లటి నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజర్, ఆ రోజుకి ఒంటికి అతుక్కునే లెగ్గింగ్స్ కాకుండా వదులు బట్టలు. యాసిడ్ లోషన్ ఆ రోజు రాయను, మండిపోతుంది, రెండు రోజులాగి మొదలుపెడతాను. వాక్సింగ్ పూర్తిగా మానలేదు, అడాపలీన్ జెల్ ఆపేశాక ఎప్పుడైనా ఫంక్షన్ ముందు చేయించుకుంటాను, వెంట్రుక అర సెంటీమీటరు దాటితేనే, లేకపోతే సగంలో తెగుతుంది.

మా తమ్ముడి మెడ మీద గడ్డం కింద ఇవే పొక్కులు చూసి, "కింద నుంచి పైకి గీస్తున్నావా?" అంటే, "అక్కా, అలా గీస్తేనే కదా నీట్‌గా వచ్చేది" అన్నాడు. వాడికీ ట్రిమ్మరే ఇప్పించాను. నెలన్నరలో మెడ శుభ్రపడింది, ఇప్పుడు నాలుగు రోజుల గడ్డంతో తిరుగుతూ అది స్టైల్ అంటున్నాడు.

లేజర్ గురించి కూడా అడిగాను. అది వెంట్రుకలోని నల్లరంగుని పట్టుకుని కుదురుని కాలుస్తుంది కాబట్టి, చర్మమే చామనఛాయలో ఉంటే చర్మం కాలే ప్రమాదముంది. మనలాంటి వాళ్లకి ఎన్‌డీ యాగ్ అనే 1064 నానోమీటర్ల లేజర్ మేలట. నాలుగైదు వారాలకోసారి ఆరేడు సార్లు వెళ్లాలి, ఆ మధ్యలో వాక్సింగ్ కూడదు, షేవింగ్ చేసుకోవచ్చు. వెంట్రుకలు బాగా తగ్గుతాయి గానీ మొత్తంగా పోతాయని నమ్మకం లేదు. నాకు ట్రిమ్మర్‌తోనే గడుస్తోంది కాబట్టి ఆలోచన పక్కన పెట్టాను.

మొన్న మోకాలి కింద ఒకటి వచ్చింది. చెయ్యి దానంతటదే పిన్నీసు పెట్టే దగ్గరికి వెళ్లింది, అది అలవాటు. కొస చర్మం పైకి ఉంగరంలా కనిపిస్తే, స్పిరిట్‌తో తుడిచిన సూదిని ఆ ఉంగరం కిందికి పోనిచ్చి కొస పైకి లేపి వదిలేయొచ్చని, పీకకూడదని డాక్టర్ చెప్పారు, పీకితే కథ మళ్లీ మొదటికే. దీనికి కొస కనబడలేదు. వెచ్చటి గుడ్డ వేసి ఊరుకున్నాను. ఐదో రోజు స్నానంలో చూసుకుంటే వెంట్రుక బయటికొచ్చి నిలబడి ఉంది, పొక్కు వాలిపోయింది. తొడ మీద నేను తవ్విన చోట గుంట మాత్రం ఇంకా అలాగే ఉంది.