బాల్ పైథానా, కార్న్ స్నేకా?

మొదటిసారి పాము పెంచుదాం అనుకునేవాళ్ళు ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే ఆగిపోతారు, నన్నడిగితే కార్న్ స్నేకే. కారణం తిండి. బాల్ పైథాన్ ఆరోగ్యంగా ఉన్నా ఒక్కోసారి నెలల తరబడి ఎలుకని ముట్టుకోదు, కొత్తవాళ్ళకి అది చూస్తే గుండె జారిపోతుంది, పైగా దానికి గాల్లో తేమ 60 శాతం దాకా ఉండాలి, తగ్గితే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. కార్న్ స్నేక్ పెట్టింది తినేస్తుంది, కాకపోతే పెట్టె మూతకి చిన్న సందు దొరికినా జారుకుంటుంది, లాక్ తప్పనిసరి. చేతిలో కదలకుండా చుట్టుకుని కూర్చోవాలంటే మాత్రం బాల్ పైథానే హాయి, కానీ అది 20, 30 ఏళ్ళు బతుకుతుంది, ఆలోచించుకోండి. ఏదైనా అడవిలో పట్టింది వద్దు, బ్రీడర్ దగ్గర పుట్టిందే తీసుకోండి. రంగు చూసి బాల్ పైథాన్‌లో స్పైడర్ మార్ఫ్ (సాలెగూడు లాంటి చారలుండే రకం) అసలు కొనకండి ప్లీజ్, ఆ జీన్ వల్ల తల వణుకుతూనే ఉంటుంది పాపం.